హనిగన్ మడుగులో చుక్కల బాతు

మా అన్న క్లెమ్ ఒక చచ్చిన బాతుని బూటుకాలితో బురదలోకి తొక్కుతుంటే నేను చూశాను. వేట సీజను తొలి రోజు పొద్దున, హనిగన్ మడుగులో. తుపాకీతో దాక్కునే అతని మాటుకీ నా మాటుకీ మధ్య ఒక్క జమ్ము పొద అడ్డం. అతను అటూ ఇటూ చూశాడు గానీ నా వైపు చూడలేదు. చెల్లెలు కదా, లెక్కలోకి రాదనుకున్నాడేమో.

కొట్టిన పిట్టని వేటగాడు బురదలో ఎందుకు తొక్కుతాడో మా ఊరు బ్రెన్‌వేల్‌లో ఎవర్నీ అడగనక్కర్లేదు. కొట్టకూడనిదాన్ని కొట్టాడన్నమాట. సంచిలో వేసుకుంటే తనిఖీ వాళ్లకు దొరికిపోతాడు. నీళ్లమీద వదిలేస్తే వేట వద్దని గట్టుమీద కాపలా కాసే వాళ్లు ఏరుకుని పేపర్ల వాళ్లకు చూపిస్తారు. అందుకని మడమతో అదిమి, జమ్ము వేళ్ల కిందికి తోసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ ఆకాశం వైపు చూస్తాడు. సిగ్గుమాలిన పని అని అందరికీ తెలుసు. అందరికంటే బాగా తెలిసినవాడు క్లెమ్.

ఎందుకంటే మా దగ్గర బాతుల మీద తుపాకీ ఎత్తాలంటే ముందు పరీక్ష పాసవ్వాలి. తెరమీద పిట్టలు ఎగురుతుంటాయి, కన్ను మూసి తెరిచేలోగా ఏది ఏదో చెప్పాలి. ఆ పరీక్షకు మా వేట క్లబ్బులో పాఠం చెప్పేది క్లెమ్. ఈ చుట్టుపక్కల తుపాకీ పట్టిన ప్రతివాడూ అతని దగ్గర తిట్లు తిన్నవాడే. నేనూ తిన్నాను. "రంగు చూడకండ్రా, మంచులో అన్నీ నల్లగానే కనపడతాయి. ఎగిరే తీరు చూడండి. మెడ వంచుకుని గూనిగా పోతోందంటే అది చుక్కల బాతు, తుపాకీ దించండి. అనుమానం వచ్చిందా, అప్పుడూ దించండి" అని బల్ల గుద్ది చెప్పేవాడు. అలాంటివాడు ఇప్పుడు బురదలో మడమ తిప్పుతున్నాడు.

అంతలో జమ్ము తోసుకుంటూ రొవీనా వచ్చింది. పశువుల ఆసుపత్రిలో నర్సు ఆమె. ఏటా ఈ రోజున పసుపుపచ్చ కోటు వేసుకుని, మెడలో విజిల్, దుర్భిణి, చేతిలో జెండాతో దిగుతుంది. బాతులు మా మీదికి రాకుండా అదిలిస్తుంది, దెబ్బతిన్నవాటిని బుట్టలో పెట్టుకు పోతుంది. మాకూ ఆమెకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"ఏంటి క్లెమ్, డాన్సు నేర్చుకుంటున్నావా?" అంది.

"బూటు దిగబడింది. లాక్కుంటున్నా."

"ఇక్కడొకటి పడింది. నేను చూశాను."

"పడ్డవన్నీ సంచిలో ఉన్నాయి తల్లీ. వెతుక్కో."

ఆమె నా వైపు తిరిగింది. "నోరీన్, నువ్వు ఇక్కడే ఉన్నావుగా?"

"నన్నెందుకు అడుగుతావు? దుర్భిణి నీ మెడలో ఉందిగా," అన్నాను.

రొవీనా మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. క్లెమ్ కదలకుండా ఆ బురదమీదే నిలబడ్డాడు. తనిఖీ అధికారి వచ్చి సంచి తెరిపించి, ఒక్కో పిట్ట రెక్క విప్పి చూసి "అంతా సరిగ్గానే ఉంది పెద్దాయనా" అని భుజం తట్టి వెళ్లేదాకా అలాగే నిలబడ్డాడు. అతని ముఖంలో ఏమీ కనపడలేదు.

అందరూ వెళ్లాక ఆ చోటికి వెళ్లి, మోచేతి దాకా చెయ్యి పెట్టి దాన్ని పైకి లాగాను. మంచి ఉద్దేశంతో కాదు, ఒళ్లు మండి. సాయంత్రం విందులో అతని పళ్లెం పక్కన పెడదామనుకున్నాను. నీళ్లలో కడిగితే ఒంటినిండా సన్నటి తెల్లచుక్కలు బయటపడ్డాయి. వెనక కాస్త కొసదేరిన తల, పైకి తిరిగిన ముక్కు. కొట్టడానికి అనుమతి ఉన్న నల్ల బాతుకుండే ముఖం చారలు లేవు, రెక్కమీద పచ్చమచ్చ లేదు. చేతిలో పట్టుకుంటే చంటిపిల్ల కూడా చెప్పగలదు.

ఆ సాయంత్రం క్లబ్బు దగ్గర మాంసం కాలుస్తూ అందరూ చేరారు. క్లబ్బు అధ్యక్షుడిగా ఏటా మడుగులో ఏమేం కనిపించాయో చెప్పడం క్లెమ్ వంతు. సాసేజీలు తిప్పుతూ, పొగలోంచి, "ఈసారి అరుదైనవేవీ రాలేదు" అన్నాడు. ఆ మాటే క్లబ్బు పత్రికలో అచ్చయింది. పిట్ట అతని పళ్లెం పక్కకి వెళ్లలేదు. రొట్టె సంచిలో చుట్టి మా ఫ్రీజర్‌లో బఠాణీల కింద పెట్టేశాను. అందరి ముందూ అతని పరువు తీయడానికి నాకు చేతులు రాలేదు.

అక్కడితో ఆగితే అది మా ఇంటి గుట్టుగానే ఉండిపోయేది. ఆగలేదు.

అప్పటికే మడుగుకి రెండు వైపులా ఇళ్లు లేచాయి. మా చిన్నప్పుడు ఆవులు మేసిన పచ్చికలో ఇప్పుడు ఒకే అచ్చులో పోసినట్టు బూడిదరంగు కప్పులు. ముసలి హనిగన్ బతికుండగా మా క్లబ్బుతో చేతిలో చెయ్యి వేసి ఒప్పందం చేసుకున్నాడు: మడుగు మీరు చూసుకోండి, సీజన్లో కొట్టుకోండి అని. ఆవులు తొక్కకుండా కంచె కట్టింది మేము. జమ్ము నాటింది మేము. చెట్లకి గూటిపెట్టెలు కట్టి, గుడ్లు తినే నక్కలకి బోన్లు పెట్టింది మేము. "చంపేవాళ్లే కాపాడతారట" అని రొవీనా నవ్వేది. నవ్వితే నవ్వనీ. మడుగులో బాతు లేకపోతే వేటగాడికి ఏముంటుంది? ఏడాదికి కొన్ని పొద్దులు కొట్టుకోవడానికి ఏడాదంతా కాపలా కాశాం, అందులో దాచుకోవడానికేముంది?

హనిగన్ పోయాడు. నగరంలో ఉండే వారసులు ఇళ్లు కట్టే కంపెనీకి సంతకం పెట్టేశారు. మడుగుని మట్టితో నింపి ఇళ్ల స్థలాలు చేస్తారట. వీధులకి మాత్రం బాతుల పేర్లు పెడతారట. కంపెనీ పంచిన రంగుల ప్లాను బొమ్మలు చూసినప్పుడు నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి.

పొలం భూమిని ఇళ్ల భూమిగా మార్చాలంటే బహిరంగ విచారణ జరగాలి. కంపెనీ తరఫున ఇంగ్రిడ్ వాస్ అనే పక్షుల శాస్త్రవేత్త మడుగు చూసి వెళ్లింది. నెమ్మదస్తురాలు, అబద్ధం చెప్పే మనిషి కాదు. కాకపోతే కంపెనీ ఆమెను పంపింది నడివేసవిలో, నీళ్లు అడుగంటినప్పుడు. అంతరించిపోతున్న పక్షి ఏదీ ఇక్కడ కనిపించలేదని రాసింది. ఒక్కటి ఉన్నా కథ మారేది. చుక్కల బాతు వాడుకునే మడుగుని పూడ్చడానికి చట్టం అంత తేలిగ్గా ఒప్పుకోదు.

ఆ సంగతి చదివిన రోజే క్లెమ్ షెడ్డుకి వెళ్లాను. గూటిపెట్టెకి మేకులు కొడుతున్నాడు.

"ఆ రోజు పడింది చుక్కల బాతు," అన్నాను.

సుత్తి ఆగలేదు. "ఏ రోజు?"

"నువ్వు డాన్సు చేసిన రోజు."

సుత్తి ఆగింది. "ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు."

"చెప్పకు."

"ఒరేయ్ అన్నయ్యా, చెప్తే మడుగు మిగులుతుంది."

"మడుగు మిగులుతుందో లేదో తెలీదు. నేను మాత్రం మిగలను, అది తెలుసు." మేకులు డబ్బాలో పోశాడు. "జీవితమంతా చూసి కొట్టండ్రా, చూసి కొట్టండ్రా అని అరిచాను. మీరు చూడకుండానే కొడతారని రొవీనా అరిచింది. ఇప్పుడు వెళ్లి, నువ్వే కరెక్టమ్మా అని దండ వెయ్యమంటావా? కోర్టుకి లాగుతారు, తుపాకీ తీసుకుంటారు. పోనీ అదీ భరిస్తా. చుక్కల బాతు ఉందంటే ఆ మడుగులో ఇక ఎవర్నీ తుపాకీ పేల్చనివ్వరు. మొత్తం క్లబ్బుని నా చేత్తో బయటికి గెంటినట్టు."

"పూడ్చేస్తే మాత్రం పేలుస్తామా?"

అతను సుత్తి గోడకి తగిలించాడు.

"అసలెందుకు కొట్టావు?" అన్నాను.

"నల్ల బాతనుకున్నా."

"నువ్వా?"

"నేనే." కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడిచాడు, దానికి మురికి లేకపోయినా. "రెండు కళ్లలోనూ మంచు పట్టినట్టుంది. పోయినేడాదినుంచి. డాక్టరు దగ్గరికి పోతే తుపాకీ లైసెన్సు పీకుతారని పోలేదు. చాలునా, ఇంకేమన్నా కావాలా?"

అంతకుముందెప్పుడూ నాకు క్లెమ్ మీద జాలి కలగలేదు. అతను జాలిపడనిచ్చే మనిషి కాదు. ఆ రోజు కలిగింది, దాంతోపాటు కోపమూ పెరిగింది. కనపడని కళ్లతో తుపాకీ ఎత్తాడు. పక్క మాటులో నేనున్నాను.

"ఒక పని చేద్దాం," అన్నాడు చివరికి. "అవి ఒంటరిగా రావు, గుంపుగా వస్తాయి. బతికున్నవాటిని ఫొటో తీసి ఇద్దాం. నేను కొట్టిన సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు."

అది నాకూ ఆశగా తోచింది. విచారణ రోజు వచ్చేదాకా పొద్దున్నే, మళ్లీ సాయంత్రం, మాటులో తుపాకీల బదులు కెమెరా పెట్టుకుని కూర్చున్నాం. తుపాకీలు మోగాక బాతులన్నీ చెల్లాచెదురైపోయాయి. నీటికోళ్లూ, రెండు నల్ల హంసలూ, అంతే. ఒకరోజు వచ్చేసరికి గట్టు పొడవునా సర్వేవాళ్లు పాతిన కర్రలు, వాటికి నారింజ రంగు రిబ్బన్లు. క్లెమ్ ఒకదాన్ని పీకి, కాసేపు పట్టుకుని, మళ్లీ అదే గుంటలో పెట్టాడు.

ఇంకోరోజు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అదిగో. అదిగో వచ్చింది. తియ్యి, తియ్యి."

నేను కెమెరా ఎత్తి దించేశాను. అది నీటికోడి. నుదుటిమీద తెల్లబిళ్ల తళతళ మెరుస్తోంది.

"తీశావా?" అన్నాడు.

"ఎగిరిపోయింది," అన్నాను. అది మా ఎదురుగా ఈదుతూనే ఉంది.

విచారణ ఫుట్‌బాల్ క్లబ్బు హాల్లో పెట్టారు. ఊరంతా వచ్చింది. వేటగాళ్లం ఒక వైపు కుర్చీల్లో, రొవీనా మనుషులు ఇంకో వైపు. రెండు వైపులకీ కావలసింది ఒకటే అయినా నడవకి అవతలివాళ్లకి ఎవరూ మంచినీళ్ల గ్లాసు కూడా అందించలేదు. ముందు బల్ల దగ్గర విచారణాధికారిణి, ఒక పక్కన కంపెనీ లాయరు, అతని వెనక ఇంగ్రిడ్ వాస్. నా కాళ్ల దగ్గర ఐస్ పెట్టె.

"ఏంటది?" అన్నాడు పక్కనే కూర్చున్న క్లెమ్.

"సాండ్‌విచ్‌లు."

అతను ఆ పెట్టె వైపు కాసేపు చూసి ముఖం తిప్పుకున్నాడు.

పెట్టెలో ఏముందో మీకు తెలుసు. ఎందుకు తెచ్చానో నాకే సరిగ్గా తెలీదు. చట్టం కాపాడే పిట్టని కొట్టడమే కాదు, దాచుకోవడమూ నేరమే. తెరిస్తే అన్నని నేనే పట్టిచ్చినట్టు. తెరవకపోతే నేను నడక నేర్చుకున్న మడుగు మీదికి మట్టి లారీలు వస్తాయి. ఎవరైనా వచ్చి ఆ పెట్టె ఎత్తుకుపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

లాయరు మర్యాద ఉన్న మనిషి. నాకు ఒళ్లు మండింది ఆ మర్యాదకే. హనిగన్ మడుగు నిజానికి మడుగే కాదని, పాడుపడిన పొలం గుంట అని, చాలా మెత్తగా చెప్పాడు. రొవీనా లేచి సీజను తొలి రోజు పొద్దున చుక్కల బాతుల గుంపుని చూశానంది. ఫొటో ఇచ్చింది. తెర మీద వేస్తే మంచులో కొన్ని నల్లటి మరకలు.

"ఇవి చుక్కల బాతులని ఎలా చెప్పగలరు మేడమ్?"

"ఎగిరే తీరుని బట్టి. వంగిపోయి, గూనిగా."

"పక్షుల్ని గుర్తుపట్టే పరీక్ష ఏదన్నా పాసయ్యారా?"

"లేదు. నేను వాటిని చంపను కాబట్టి ఆ అవసరం రాలేదు." రొవీనా మా వైపు వేలు చూపించింది. "పాసైనవాళ్లు అక్కడున్నారు. ఆ గుంపు క్లెమ్ ట్రెగియర్ నెత్తిమీదుగానే పోయింది. ఊరంతటికీ పాఠాలు చెప్పేది ఆయనే. ఆయన్నే అడగండి."

హాలంతా మా వైపు తిరిగింది. నా చెయ్యి పెట్టె మూత మీదికి దానంతటదే పోయింది. క్లెమ్ కిందికి చూశాడు, నా చేతి వైపు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"మిస్టర్ ట్రెగియర్, ఆ రోజు మీరు చుక్కల బాతుల్ని చూశారా?" అంది విచారణాధికారిణి.

"ఉన్నాయి," అన్నాడు క్లెమ్.

మావాళ్లలో గుసగుస లేచింది. లాయరు కాగితాల్లోంచి మా క్లబ్బు పత్రిక తీశాడు. "అదే రోజు సాయంత్రం అరుదైనవేవీ రాలేదని మీరే అన్నట్టు ఇందులో ఉంది. ఇళ్లు వస్తాయని తెలిశాక బాతులు గుర్తొచ్చాయా సార్? అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా?"

"అప్పుడు చెప్పాను."

"ఎందుకు?"

క్లెమ్ ముందు కుర్చీ వీపు పట్టుకున్నాడు. ఆ కుర్చీలో కూర్చున్న మావాడొకడు మెల్లగా ముందుకి జరిగాడు.

"ఎగురుతున్నప్పుడు నేను గుర్తుపట్టలేదు," అన్నాడు. "చేత్తో పట్టుకున్నాక తెలిసింది."

అందరికీ అర్థం కావడానికి కాస్త పట్టింది. నడవకి అవతల ఎవరో ఒకావిడ పళ్లు బిగించి గాలి పీల్చిన చప్పుడు వినబడింది. విచారణాధికారిణి కళ్లజోడు సర్దుకుంది. "మీరు ఇంకేమీ చెప్పనవసరం లేదు, మిస్టర్ ట్రెగియర్. ఇది మీకు ఇబ్బంది అవుతుందని తెలుసుగా?"

"తెలుసమ్మా. నేనే కొట్టాను. నల్ల బాతనుకున్నాను. నా కళ్లు పోయాయి, పోయాయని ఒప్పుకోలేదు. రొవీనా అడిగితే బూటు దిగబడిందన్నాను. అదీ అబద్ధమే." రొవీనా వైపు తిరిగాడు. "నువ్వు చూసినవి చుక్కల బాతులే. నువ్వు సరిగ్గా చూశావు. నేను చూడలేదు."

పదిహేనేళ్లుగా ఆ మాట కోసం విజిల్ ఊదిన మనిషి. గెలిచినట్టు నవ్వుతుందనుకున్నాను. ఆమె తలదించుకుని జెండా కర్రని రెండు చేతుల్లో తిప్పుతూ కూర్చుంది.

లాయరు మాత్రం కూర్చోలేదు. "ఆ పక్షి ఎక్కడుంది సార్?"

"బురదలో తొక్కేశాను. ఈపాటికి ఏ నీటి ఎలకో తినేసుంటుంది."

"అంటే పక్షి లేదు. కళ్లు సరిగ్గా కనపడవని మీరే అంటున్నారు. అప్పుడు ఒక మాట, ఇప్పుడు ఒక మాట చెప్పానని కూడా అంటున్నారు." అధికారిణి వైపు తిరిగి, "ఇందులో రుజువేముందో నాకు అర్థం కావట్లేదు మేడమ్," అన్నాడు.

క్లెమ్ తన పరువు మొత్తం తీసి బల్లమీద పెడితే, పనికిరాదని పక్కకి నెట్టేశారు. నా జన్మలో అతన్ని అంత చిన్నగా చూడలేదు. ఇక నాకు ఆలోచన అన్నది లేదు. పెట్టె ఎత్తుకుని ముందుకి నడిచాను.

"నోరీన్, కూర్చో," అన్నాడు క్లెమ్ వెనకనుంచి. "కూర్చోవే."

కూర్చోలేదు. బల్లమీద పెట్టి మూత తీసి, రొట్టె సంచి విప్పాను. "బురదలోంచి నేను తీశాను. ఇన్నాళ్లూ మా ఇంట్లో ఉంది. నా పేరు నోరీన్ పాస్క్, పాస్క్ మా ఆయన ఇంటిపేరు, రాసుకోండి."

లాయరు ఏదో అభ్యంతరం చెప్పబోయాడు. అప్పటికే ఇంగ్రిడ్ వాస్ లేచి వచ్చింది. తనకి జీతమిచ్చేవాళ్ల వైపు చూడలేదు. గడ్డకట్టిన ఆ పిట్టని రెండు చేతులతో తీసుకుని, ముక్కు చూసింది, తల చూసింది, రెక్క కొంచెం విప్పి చూసింది.

"చుక్కల బాతే," అంది. "నా నివేదికలో ఆ వాక్యం తప్పు. మళ్లీ చూడాలి, నీళ్లున్నప్పుడు."

బయట కార్ల దగ్గర మావాళ్లెవరూ మాతో మాట్లాడలేదు. క్లబ్బు కోశాధికారి డార్సీ మలిన్స్, క్లెమ్ దగ్గరే పాఠం నేర్చుకున్నవాడు, పక్కనుంచి పోతూ "మడుగు కాపాడావు, మమ్మల్ని గెంటేశావు, థాంక్స్ గురువుగారూ" అని పోయాడు. క్లెమ్ నా ట్రక్కుకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఎందుకు తెరిచావే ఆ పెట్టె?" అన్నాడు. "దాచినందుకు నిన్ను కూడా లాగుతారు. నిన్ను లాగకూడదనేగా బురదలో ఉందన్నాను."

నాకు వెంటనే వెలగలేదు. "అందులో ఉందని నీకు తెలుసా?"

"మర్నాడే తెలుసు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే వెళ్లి తీసి సరిగ్గా పాతిపెడదామని తవ్వాను. పిట్ట లేదు, గట్టుమీద నీ చిన్న బూట్ల అచ్చులున్నాయి. అప్పట్నుంచీ చూస్తున్నా, ఎప్పుడు తెచ్చి నా నెత్తిన కొడతావా అని. కొట్టలేదు."

"ఇవాళ కొట్టేదాన్నేమో."

"చూశాగా. మూత మీద చెయ్యి వేశావు." గొంతు సవరించుకున్నాడు. "అన్న మీద చెల్లెలు సాక్ష్యం చెప్పిందని ఊరు నిన్ను జీవితాంతం అంటుంది. అది నీకెందుకు? అందుకే ముందు లేచాను. మడుగు కోసం లేచానని వాళ్లు అనుకుంటారు, అనుకోనీ."

నేను ట్రక్కు తలుపు పట్టుకుని ఏడ్చాను. అతను నా వీపు మీద రెండుసార్లు కొట్టాడు, ఆవుని తట్టినట్టు.

తర్వాతి సంగతి చాలామందికి తెలిసిందే. శీతాకాలంలో ఇంగ్రిడ్ మళ్లీ వచ్చింది, ఈసారి బతికున్నవాటిని చూసింది. మడుగు పూడ్చడానికి వీల్లేదని తీర్పొచ్చింది. దాని చుట్టూ తుపాకీ పేల్చడానికీ వీల్లేదని వచ్చింది. మా ఇద్దరికీ జరిమానా పడింది, ఇద్దరి లైసెన్సులూ పోయాయి. మాటులు మేమే పీకేశాం, రొవీనా వచ్చి ఒక చివర పట్టింది. మడుగు ఉండటం నాకు సంతోషం. తుపాకీ లేకపోవడం సంతోషం కాదు, అలా నటించను. నాన్న తుపాకీ అది.

లైసెన్సు పోయాక ఇక భయమేముందని క్లెమ్ రెండు కళ్లకీ ఆపరేషన్ చేయించుకున్నాడు.

మరుసటేడు సీజను తొలి రోజు పొద్దున ఇద్దరం కంచె బయట నిలబడ్డాం. ఎక్కడో ఉత్తరాన వేరే మడుగుల్లో తుపాకీలు మోగడం మొదలైంది. కాసేపటికి అక్కడినుంచి తరిమేసిన బాతులు హనిగన్ మీదికి వచ్చి పడ్డాయి. ముందు నల్ల బాతుల గుంపు, జమ్ము అంచున, తుపాకీకి చక్కగా అందే దూరంలో. క్లెమ్ చేతులు అలవాటుగా భుజం దాకా లేచాయి. ఖాళీ చేతులే, అయినా గుంపుతోపాటు తిరిగాయి, వేలు కొంచెం వంగింది. నేను చూడనట్టు ఉండిపోయాను.

వాటి వెనకే ఇంకో గుంపు వచ్చింది, చిన్నది. మంచులోంచి నల్లగా, నేరుగా మా నెత్తిమీదికి. క్లెమ్ చేతులు మళ్లీ లేచి, సగంలో ఆగి, కిందికి దిగిపోయాయి.

"గూనివి," అన్నాడు మెల్లగా. "చుక్కలవి. నోరీన్, నాకు కనపడుతున్నాయే."